ఏడో అంతస్తు మీద దండయాత్ర

జనవరి 8, 2023, ఆదివారం

మా దుబాయ్ తెలుగు సంఘం వార్షికోత్సవం మార్చి పదకొండున. నాటకం రాసే భారం ఈ ఏడు కూడా నా నెత్తినే పడింది. పడలేదు, నేనే చెయ్యెత్తాను. కానీ ఇది నా డైరీ, నా ఇష్టం.

కార్యదర్శి విక్రమ్ గారికి ఈసారి పౌరాణికం వద్దట. అంతర్జాతీయ స్థాయిలో ఏదైనా కావాలట. కిందటేడు ఇంద్రుడి కిరీటం జారి ముఖ్య అతిథి టీ కప్పులో పడిన సంగతి ఆయన ఇంకా మర్చిపోలేదు. సరే అని గ్రీకుల కథ ఒకటి తీశాను. ఒక రాజుగారి భార్య హెలెన్, లోకంలోకెల్లా అందగత్తె. చుట్టపుచూపుగా వచ్చిన పరాయి రాకుమారుడు ఆమెను ఓడెక్కించి ట్రాయ్ అనే తన ఊరికి ఎత్తుకుపోతాడు. ఆమె పెళ్లికి ముందే అక్కడి రాజులందరూ ఒట్టేసుకుని ఉన్నారు, ఆమెను ఎవడు లాక్కుపోయినా అందరం మొగుడి వైపు నిలబడతామని. ఇంకేం, వెయ్యి ఓడలు, పదేళ్ల యుద్ధం, చివర్లో కడుపు నిండా సైనికులున్న చెక్క గుర్రం, ఊరు బూడిద. పెళ్లాన్ని ఎత్తుకుపోతే సముద్రం దాటి వెళ్లి కొట్టడం మనవాళ్లకు కొత్త కాదు కనుక కథ అర్థం కాదన్న బెంగ లేదు.

హెలెన్ వేషం ఏడో అంతస్తు లావణ్యకు. నలభై దాటినా ముప్ఫైలా ఉంటుందని అందరూ అంటారు. అందరూ అంటే ఈ బిల్డింగులోని పదకొండు తెలుగు కుటుంబాలు. నాలుగో అంతస్తు, అంటే మేము, ఇంకా ఏమీ అనలేదు.

రాస్తుంటే మా పనిమనిషి సమ్మవ్వ టీ తెచ్చి పెట్టి అక్కడే నిలబడింది. ఏదో చెప్పాలట. హెలెన్ ఓడెక్కుతోంది, తర్వాత అన్నాను.

జనవరి 17, మంగళవారం

సమ్మవ్వ వెళ్లిపోయింది.

పొద్దున పదింటికి కొత్తిమీర తెస్తానని కింద గ్రోసరీకి వెళ్లింది. పదిన్నరకు గ్రోసరీ అతను వచ్చి కొత్తిమీర ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు సాయంత్రం ఆరు. ఫోన్ స్విచ్ఛాఫ్. వంటింటి పక్కన ఆమె గదిలో దుప్పటి మడతపెట్టి ఉంది. సంచి లేదు.

మూడేళ్లు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన మనిషికి వాషింగ్ మెషీన్ నుంచి మైక్రోవేవ్ దాకా నేర్పించాను. వంట, అంట్లు, బట్టలు, మొక్కలు, మా అమ్మాయి సంజన స్కూలు బాక్సు అన్నీ తనే చూసుకునేది కనుక నేను సంఘానికి సేవ చేయగలిగాను. సెలవు రోజంటూ పెట్టలేదు, ఇంట్లో మనిషికి సెలవేమిటి. పాస్‌పోర్టు కూడా పారేసుకుంటుందని మా బీరువాలోనే భద్రంగా ఉంచాం. ఇంతకంటే ఎవరు చూస్తారు?

ఒక్క మాట చెప్పలేదు. ఒక్కటంటే ఒక్క మాట.

జనవరి 18, బుధవారం

ఉప్మా చేశాను. దాని గురించి రాయను.

జనవరి 20, శుక్రవారం

మావారు వీరరాఘవరావుగారు ఒక సిద్ధాంతం కనిపెట్టారు. సమ్మవ్వ తనంతట తనే వెళ్లిపోయి ఉండవచ్చట. మూడు రోజులు నా వంట తిన్న మనిషి బుర్ర ఇంతకంటే బాగా పనిచేస్తుందని ఆశించకూడదు.

నేను నిదానంగా ఆలోచించాను. ఈ దేశంలో సమ్మవ్వకు తెలిసినవాళ్లు ఎవరు? మేం ముగ్గురం, గ్రోసరీ అతను, డేరా బజారులో నా జాకెట్లు కుట్టే దర్జీ మహబూబున్నీసా. రెండేళ్ల కిందట వాళ్ల ఊరి నుంచి సకినాల మూట తెచ్చి కింద గేటు దగ్గర నిలబడిన పోశయ్య అనే వెల్డరు ఒకడున్నాడు, అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు, కానీ అతను ఉండేది ముసఫ్ఫాలో. అబుదాబీ పక్కనున్న గ్యారేజీల్లోంచి ఇంత దూరం దేనికొస్తాడు? అంటే సమ్మవ్వకు వెళ్లడానికి చోటు లేదు. చోటు లేని మనిషి వెళ్లదు. కనుక ఎవరో తీసుకుపోయారు.

మళ్లీ రాస్తున్నాను, నాకు ఒక్క మాట చెప్పలేదు.

జనవరి 22, ఆదివారం

దొరికింది. మనిషి కాదు, ఆచూకీ.

ఈ రోజు విక్రమ్ గారింట్లో రిహార్సలు. తలా ఒక వంట తెచ్చుకున్నాం. (నేను బయట కొన్న స్వీట్లు తీసుకెళ్లాను, అట్టపెట్టె మార్చి.) లావణ్య ఒక స్టీలు గిన్నెలో పచ్చిపులుసు తెచ్చింది. ఒక ముద్ద కలుపుకున్నాను. రెండో ముద్ద లోపలికి పోలేదు. నిప్పు మీద కాల్చిన పచ్చిమిర్చి, వేయించి దంచిన నువ్వులు, చేత్తో నలిపిన ఉల్లిపాయ. అచ్చంగా సమ్మవ్వ చెయ్యి. కాకినాడలో పుట్టి పెరిగిన నేను నలభై ఎనిమిదేళ్లలో ఈ పులుసు తిన్నది ఒక్క మనిషి చేతి నుంచే. పొయ్యి ఎక్కించకుండా పులుసు చేయాలని ఇంకెవరికి తడుతుంది?

ఎవరు చేశారని అడిగితే నేనే అంది. నవ్వింది కూడా. డిసెంబరులో సంజన పుట్టినరోజుకు వచ్చినప్పుడు ఇదే లావణ్య, మీ సమ్మవ్వను మాకు ఇచ్చేయరాదు అంది. అప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడు తను ఒక్కతే నవ్వుతోంది.

చుట్టపుచూపుగా వచ్చి ఎత్తుకుపోవడమంటే ఇదే.

జనవరి 23, సోమవారం

యుద్ధం ప్రకటించాను.

మా పదకొండు కుటుంబాలకూ ఒక ఒట్టు ఉంది. 2021లో ఐదో అంతస్తు వాళ్లు తొమ్మిదో అంతస్తు వాళ్ల పనిమనిషిని వారానికో సెలవు ఆశ చూపి లాగేసుకున్నప్పుడు, మా ఇంట్లో టీలు తాగుతూ వేసుకున్న ఒట్టు. ఒకరి మనిషిని ఒకరు లాక్కోకూడదు. ఎవరైనా లాక్కుంటే మిగతావాళ్లందరూ పోగొట్టుకున్నవాళ్ల వైపు నిలబడాలి. ప్రతిపాదించింది నేనే. టీలు పెట్టింది సమ్మవ్వ.

ఆ ఒట్టు గుర్తుచేస్తూ వాట్సాప్ గ్రూపులో రాశాను. పేరు రాయలేదు. 'ఏడో అంతస్తులో కొందరు' అని మాత్రమే రాశాను. ఏడో అంతస్తులో తెలుగువాళ్లు ఒక్కరే ఉండటం నా తప్పు కాదు.

పావుగంటలో లావణ్య మెట్లు దిగి వచ్చింది. లిఫ్టు కోసం ఆగలేదంటే కోపం ఏ పాటిదో. గుమ్మంలోనే నిలబడి అంది:

"పచ్చిపులుసు మా వరంగల్ దిక్కు ఇంటింటికి చేస్తరు మణిగారు. మా అమ్మ చేస్తది, మా అత్తమ్మ చేస్తది. దానికి సమ్మవ్వనే కావాల్నా? మా ఇంట్ల లేదు ఆమె. వచ్చి చూసుకోండ్రి."

నేను గుమ్మడికాయల దొంగ అనగానే తను భుజాలు తడుముకుంది. ఇంకేం రుజువు కావాలి? అయినా ఒక రాష్ట్రం రాష్ట్రమంతా అదే పులుసు చేస్తుందంటే నమ్మడానికి నేనేమైనా పసిపిల్లనా?

జనవరి 28, శనివారం

రథసప్తమి. చక్కెర పొంగలి చేసి, పైన మూత పెట్టి, సంజన చేత ఏడో అంతస్తుకు పంపాను. శాంతి కోసం అని చెప్పించాను. పదహారేళ్ల పిల్ల, చూపు చురుకు. వంటగది, బాల్కనీ, పనిమనిషి గది, మూడూ చూసి రమ్మన్నాను. మన దగ్గర చెక్క లేదు కనుక గుర్రాన్ని బెల్లంతో చేసుకున్నాం.

పది నిమిషాల్లో వచ్చింది. లావణ్య ఆంటీ ఒక్కతే ఉల్లిపాయలు తరుగుతోందట, కళ్లనీళ్లతో. పనిమనిషి గదిలో సైకిలు, పాత సూట్‌కేసులు ఉన్నాయట. పొంగలి మాడిందని ఆంటీ అన్నదట, అయినా గిన్నె కడిగి ఇచ్చిందట.

ఎక్కడో దాచి ఉంటుంది.

ఫిబ్రవరి 3, శుక్రవారం

యుద్ధం ముదిరింది. ఐదో అంతస్తు, తొమ్మిదో అంతస్తు మా వైపు. పాత పగలున్నవాళ్లిద్దరూ ఒకే పక్షంలో చేరడం చూసి నాకే ముచ్చటేసింది. మూడో అంతస్తు, పదో అంతస్తు అటు. మిగిలినవాళ్లు ఎవరు ఎదురైతే వాళ్ల వైపు. పిల్లలను స్కూలుకు కలిసి పంపే కార్లు విడిపోయాయి, ఇప్పుడు ఒకే స్కూలుకు నాలుగు కార్లు ముందూ వెనకా వెళ్తున్నాయి. లావణ్య నాటకంలోంచి తప్పుకుంది. గ్రూపు రెండు గ్రూపులైంది. దుబాయ్‌లో తెలుగు సంఘాలు చాలడం లేదని ఎవరైనా బెంగపడుతుంటే ఇక ఆ బెంగ అక్కర్లేదు, మూడో అంతస్తు వాళ్లు ఉగాదికి కొత్తది పెడుతున్నారట.

విక్రమ్ గారు పైకి బాధపడుతున్నారు గానీ, ఆయన చురుగ్గా కనిపించడం చూసి ఎన్నాళ్లయిందో.

సమ్మవ్వ గురించి ఎవరూ అడగడం లేదు. యుద్ధంలో అంత తీరిక ఉండదు.

ఫిబ్రవరి 6, సోమవారం

మావారు పరారీ రిపోర్టు పెట్టారు. విక్రమ్ గారి సలహా. ఆమె వీసాకు స్పాన్సరు మావారే కనుక, బయట ఆమె ఏం చేసినా మన మెడకు చుట్టుకుంటుందట. రిపోర్టు పెడితే మన చేతులు కడుక్కున్నట్టట. ఆమె పట్టుబడితే జరిమానా, జైలు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. పోనీ ఇంటికి పోదామన్నా విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అది కాస్త ఎక్కువేమో అనిపించింది. కానీ ఆమెను ఎత్తుకుపోయినవాళ్లు కదా ఆ సంగతి ఆలోచించాల్సింది.

కంప్యూటర్ ముందు కూర్చుని ఈయన ఒక్క క్షణం ఆగారు.

"వెళ్తానని నీతో ఎప్పుడైనా అందా మణీ?"

లేదన్నాను. ఆయన బటన్ నొక్కారు.

ఫిబ్రవరి 14, మంగళవారం

హెలెన్ వేషం సంజనకు ఇచ్చాం. పిల్ల వేషం వేయమంటే పరిశోధన మొదలుపెట్టింది. ఈ కథకు ఇంకో రూపం ఉందట. అందులో హెలెన్ అసలు ట్రాయ్ ఊళ్లోనే లేదట. ఎక్కడో ఈజిప్టులో తన మానాన తను ఉందట. మా దగ్గర లేదు మొర్రో అని ట్రాయ్ వాళ్లు మొత్తుకున్నా గ్రీకులు నమ్మలేదట. పదేళ్లు చంపుకుని, ఊరు తగలబెట్టి, తీరా చూస్తే అక్కడున్నది మనిషి కాదు, ఒట్టి నీడట.

"మరి ఈ పదేళ్లూ ఆవిడ్ని ఎవరైనా అడిగారా అమ్మా, నీకేం కావాలని?"

ఆ రూపం రంగస్థలానికి పనికిరాదని చెప్పాను. ఊళ్లో మనిషే లేకపోతే అంత యుద్ధం దేనికి చేసినట్టు? చూసేవాళ్లు నవ్విపోతారు.

ఫిబ్రవరి 18, శనివారం

శివరాత్రి. ఉపవాసం. ఈ ఇంటి కష్టం గమనించినవాడు శివుడొక్కడే.

ఫిబ్రవరి 25, శనివారం

ఫోన్లో కొలతలు చెప్పి కుట్టించిన హెలెన్ గౌను తెచ్చుకోవడానికి డేరా వెళ్లాను. ఇదివరకు బట్టలివ్వడానికీ తేవడానికీ సమ్మవ్వే వెళ్లేది. మహబూబున్నీసా కొట్టు నేను చూడటం ఇదే మొదటిసారి. జరీ అంగళ్ల వెనక సందులో, రెండు మిషన్లు పట్టేంత గది.

రెండో మిషను వెనక నేల మీద కూర్చుని ఒకామె తెల్ల గౌనుకు అంచు కుడుతోంది. తలెత్తింది.

"కొత్తిమీర అందిందా మేడం?" అంది సమ్మవ్వ.

మూడేళ్లు నన్ను అమ్మా అని పిలిచిన మనిషి. నేను ఏం అనాలని వెళ్లానో, అంటే దొరికినప్పుడు ఏం అనాలని నెలంతా కూడబెట్టుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు. అందింది అన్నాను.

మహబూబున్నీసా టీ తెప్పించింది. తనే చెప్పింది మిగతాది. సమ్మవ్వ వచ్చిన రోజు నుంచి అల్ వర్సాన్‌లో తన గదిలోనే, తన మంచం పక్కనే పడుకుంటోంది. పోలీసులు కనపడితే గుండె దడ అని మెట్రో ఎక్కదు, పొద్దున తనతోపాటు వచ్చి సాయంత్రం తనతోపాటే వెళ్తుంది. ఊరికే కూర్చోలేక అంచులు కుడుతోంది. నువ్వెందుకు ఉంచుకున్నావని నేను కాస్త గట్టిగానే అడిగాను. దిక్కులేని ఆడమనిషి గుమ్మంలోకి వస్తే ఎందుకొచ్చావని అడుగుతామా మేడమ్ అంది. కడప మనిషి, మాట కరుకు.

నిన్ను ఎవరు తీసుకుపోయారని సమ్మవ్వను అడిగాను. అప్పటికీ అదే అడిగాను.

"నన్నెవ్వలు ఎత్తుకపోలె మేడం. నేనే నడుసుకుంట వచ్చిన. పోశయ్య, నేను ఒక్క తాన బతుకుదమనుకున్నం. ఆయన భార్య కరోనల పోయింది, నా మొగడు పోయి పన్నెండేండ్లాయె. వచ్చే నెల పదిహేడుకు ఆయన పని ఖలాస్ చేసుకొని ఇంటికి పోతుండు. నేను గూడ పోవాలె. మీరు కేసు పెట్టిండ్రట గద, ఎట్ల పోవాలె?"

ఆ ముసఫ్ఫా వెల్డరు రెండేళ్లుగా రోజూ ఫోన్ చేస్తున్నాడట, మా వంటింట్లోనే, నేను పక్కగదిలో ప్రేమ ఘట్టాలు రాసుకుంటుండగా. ఒక్కసారి కూడా నా చెవికెక్కలేదు.

పాస్‌పోర్టు, కేసు రెండూ చూస్తానన్నాను. ఫంక్షన్ అయ్యాక చూద్దాం అన్నాను.

సమ్మవ్వ నవ్వింది. పళ్లతో దారం తెంపి గౌను మడతపెట్టి ఇచ్చింది.

ఫిబ్రవరి 26, ఆదివారం

రాయాలని లేదు.

ఫిబ్రవరి 27, సోమవారం

డేరా సంగతి ఎవరికీ చెప్పలేదు. రిహార్సలులో పదో అంతస్తు వాళ్లను తిట్టుకున్నాం. నేను అందరికంటే బాగా తిట్టాను.

మార్చి 1, బుధవారం

చెప్పింది.

రాస్తున్నాను, ఎవరూ చూడరు కదా. కిందటి ఉగాదికి ముందు సమ్మవ్వ మొదటిసారి చెప్పింది, ఊరికి పోతానమ్మా, వీసా కాన్సల్ చేయించుండ్రి అని. పండగ వెళ్లాక చూద్దాం అన్నాను. దసరాకు చెప్పింది. బొమ్మల కొలువు పెట్టుకుని ఇప్పుడేం పోతావన్నాను. డిసెంబరులో సంజన పుట్టినరోజు ముందు పోశయ్య పేరు కూడా చెప్పింది. ఆ పేరు చెప్పడానికి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కేకు ఆర్డరు ఇస్తూ ఈ వయసులో ఇదేం వేషం సమ్మవ్వా అన్నాను. అని నవ్వాను. ఆ రోజు నుంచే కాబోలు నాతో మాట తగ్గించింది. నాలుగోసారి జనవరి ఎనిమిదిన, టీ తెచ్చి నిలబడింది. ఆ రోజు మాట పూర్తి కూడా చేయనివ్వలేదు.

నాలుగుసార్లు. నేనే ఒక్క మాట చెప్పలేదు అని రాసుకున్నాను, మళ్లీ మళ్లీ రాసుకున్నాను. చదువుకుంటే నిజంలాగే ఉంది. రచయిత్రిని కదా.

వేషమట. ఈ రోజు బీరువాలోంచి ఆమె పాస్‌పోర్టు తీసి చూశాను. నా కంటే ఆరేళ్లు చిన్నది.

మార్చి 4, శనివారం

ఈయనకు చెబుదామని రెండుసార్లు గదిలోకి వెళ్లాను. ఒకసారి ఆఫీసు ఫోన్‌లో ఉన్నారు. రెండోసారి ఏమీ చేయడం లేదు, అయినా చెప్పలేదు.

చెబితే ఏమవుతుంది? ఏడో అంతస్తు గెలుస్తుంది. ఒట్టు పెట్టించినదాన్ని నేను, గ్రూపులో రాసినదాన్ని నేను, సంఘాన్ని రెండు ముక్కలు చేసినదాన్ని నేను. ఎత్తుకుపోయారంటే నా ఇంటికి అన్యాయం జరిగినట్టు. తనే పోయిందంటే నా ఇంట్లో ఏదో ఉన్నట్టు. చెప్పకపోతే పదిహేడున ఒక మనిషిని విమానాశ్రయంలో పట్టుకుంటారు. రెండూ తూచి చూసుకుంటూ కూర్చున్నాను. తూచడానికి ఇంతసేపు పట్టిందంటేనే నాకు సిగ్గుగా ఉంది.

మార్చి 11, శనివారం

నాటకం అయింది. సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగం మా పక్షం.

హెలెన్ చివరి మాట నేను రాసింది ఇదీ: 'నన్ను బలవంతంగా ఎత్తుకొచ్చారు, నా రాజు వచ్చి నన్ను విడిపించాడు.' సంజన ఆ తెల్ల గౌనులో ముందుకొచ్చి నిలబడింది. మర్చిపోయిందేమోనని తెర పక్క నుంచి నేను అందించాను. నా వైపు చూసి, తర్వాత జనం వైపు చూసి అంది: "ఎవరి కోసం కొట్టుకున్నారో ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు."

చప్పట్లు. విక్రమ్ గారు నా దగ్గరకు వచ్చి, ఆ చివరి డైలాగు అద్భుతం మణిగారూ, మీ కలానికి ఎంత పదును అన్నారు. థాంక్యూ అన్నాను. కూతురి మాట కూడా నా ఖాతాలోనే వేసుకున్నాను.

మార్చి 12, ఆదివారం

చెప్పాను. డేరా సంగతి, నాలుగుసార్ల సంగతి, కేకు ఆర్డరు ఇస్తూ నవ్విన సంగతి. సగంలో ఏడుపొచ్చింది. ఈయన ఓదార్చలేదు.

"ఆ రోజు నిన్ను అడిగే నొక్కాను కదే" అన్నారు. చాలాసేపు బాల్కనీలో నిలబడ్డారు. లోపలికి వచ్చి, మంగళవారం సెలవు పెడతానన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈయన నా మీద అరవకపోవడం నాకు మొదటిసారి కష్టంగా ఉంది.

మార్చి 13, సోమవారం

రెండు గ్రూపుల్లోనూ రాశాను. 'సమ్మవ్వను ఎవరూ తీసుకుపోలేదు. వెళ్తానని నాకు నాలుగుసార్లు చెప్పింది. నేను పంపలేదు. లావణ్య తప్పేమీ లేదు. నన్ను క్షమించాలి.' రాసి ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లాను. వచ్చి చూస్తే అందరూ చదివారు. తర్వాత తొమ్మిదో అంతస్తు ఆవిడ అడిగింది, అయితే ఆ సమ్మవ్వ ఇప్పుడు ఖాళీయేనా, మాకు మనిషి కావాలి అని. దాని కింద ఐదో అంతస్తు ఆవిడ, ముందు నేను అడుగుదామనుకున్నాను అని పెట్టింది.

సాయంత్రం లిఫ్టులో లావణ్య ఎదురైంది. నాలుగో అంతస్తు దాకా ఇద్దరం నంబర్లు చూస్తూ నిలబడ్డాం. తలుపు తెరుచుకున్నాక, తప్పయిందన్నాను.

"పదేండ్లు పడుతదనుకున్న" అంది. "రెండు నెలలకే అయిపోయింది." నవ్విందో లేదో తెలియదు. తలుపు మూసుకుంది.

మార్చి 14, మంగళవారం

పొద్దున్నే వీసా కాగితాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌కు వెళ్లాం, ఈయన, నేను. మేం కబురు పెడితే సమ్మవ్వ, పోశయ్య మా కంటే ముందే వచ్చి గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నారు. పోశయ్యకు మీసం నెరిసింది, చేతుల మీద వెల్డింగ్ మచ్చలు, ఇస్త్రీ చేసిన చొక్కా. మా నాటకంలో రాకుమారుడికి పెట్టిన కిరీటం ఇతనికి పెడితే నవ్వొస్తుంది. అతను లేచి ఈయనకు నమస్తే సార్ అన్నాడు. ఈయన చెయ్యి కలిపి, కూర్చోండి అన్నారు. పోలీసు ఒకడు ఏదో కాగితం కోసం లోపలికి వచ్చినప్పుడు సమ్మవ్వ బిగుసుకుపోయింది. పోశయ్య నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చింది, అతనూ తాగాడు. ప్రేమ ఘట్టం అంటే పదిహేను పేజీలు రాసినదాన్ని నేను.

కౌంటరులో అనమ్ అనే పాకిస్తానీ అమ్మాయి. రిపోర్టు వెనక్కి తీసుకోవడానికి ఫారం తెరిచి, కారణం ఏం రాయమంటారని హిందీలో అడిగింది. ఈయన నా వైపు చూశారు. తను చెప్పొచ్చు, చెప్పలేదు.

వెనక కుర్చీల్లోకి వినపడుతుందని తెలుసు. సమ్మవ్వకు హిందీ నా కంటే బాగా వచ్చునని కూడా తెలుసు.

"ఉస్‌నే బోలా థా" అన్నాను. తను చెప్పింది, నాలుగుసార్లు చెప్పింది, నేనే వినలేదు, అని నాకొచ్చిన హిందీలో అంతా చెప్పాను. అనమ్ కంప్యూటరు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అలాంటి కారణం సిస్టమ్‌లో లేదట మేడమ్. ఉన్నవి మూడే. వాటిలో దగ్గరగా ఉందని 'సమాచార లోపం' అన్నదాని మీద నొక్కింది. ఈయన సంతకం పెట్టారు. వీసా కాన్సిల్ కాగితం కూడా ముద్ర వేసి ఇచ్చింది. పదిహేడున పోవచ్చు, ఎవరూ ఆపరు అంది.

పాస్‌పోర్టు నేనే సమ్మవ్వ చేతిలో పెట్టాను. రెండు చేతులతో తీసుకుని, తెరిచి తన ఫోటో చూసుకుని, జాకెట్లో పెట్టుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. పర్లేదు మేడం అంటుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండునని నిలబడ్డాను.

ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది. కోపం లేదు ముఖంలో, అలసట ఉంది.

"గీ మాట డిసెంబర్ల అంటే అయిపోవు గద మేడం."

అవును, అయిపోయేది.